మీకు తెలుసా? సూక్ష్మజీవులకూ తిండి ఎంపిక ఉంది!

తాటికల్లు: మహబూబాబాద్ జిల్లా గంగారం వంటి ఏజెన్సీ మండలాల్లో కల్లు నిత్యం కనిపించేదే. చెట్టు నుంచి కారే తీపి నీటిలో సుమారు 10–15 శాతం చక్కెర ఉంటుంది. అందులో ఎక్కువ భాగం సుక్రోజే. ఈస్ట్ ఇన్వర్టేజ్ అనే ఎంజైమ్‌తో దాన్ని గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా విడగొట్టి, ఆల్కహాల్, కార్బన్ డయాక్సైడ్‌గా మారుస్తుంది. కల్లు మీద నురగ వచ్చేది అందుకే. లోపల సున్నం పూసిన లొట్టిలో పడితే క్షారగుణం వల్ల పులియడం ఆగి, నీరాగా మిగులుతుంది.

పెరుగు: పాలలోని చక్కెర లాక్టోజ్. రొట్టెలు పొంగించే ఈస్ట్ దీన్ని వాడుకోలేదు. తోడులోని లాక్టిక్ బ్యాక్టీరియా మాత్రం దాన్ని ఆమ్లంగా మారుస్తుంది. ఆ పులుపుకే పాలు గట్టిపడతాయి.

నత్రజని: చక్కెర శక్తినిస్తుందే తప్ప, కణం ఎదగడానికి నత్రజని కూడా కావాలి. ఈస్ట్ అమ్మోనియం లవణాలతోనూ సరిపెట్టుకుంటుంది. లాక్టిక్ బ్యాక్టీరియాలో ఒక రకమైన లాక్టోబాసిల్లస్ జాతులకు అమైనో ఆమ్లాలు, బి విటమిన్లు సిద్ధంగా అందాలి. అందుకే ప్రయోగశాలల్లో వాటిని పెంచే ద్రావణంలో గ్లూకోజ్‌తోపాటు పెప్టోన్, ఈస్ట్ సారం కలుపుతారు.

ఇడ్లీపిండి: మినపప్పులోని ప్రోటీన్లు, చక్కెరలు బ్యాక్టీరియాకు మేత. ఆ బ్యాక్టీరియా విడుదల చేసే వాయువుతో పిండి పొంగుతుంది. అయితే ఆవిరి వేడికి ఆ బ్యాక్టీరియా చనిపోతుంది. బతికున్న సూక్ష్మజీవులనే ప్రోబయోటిక్ అంటారు కాబట్టి, ఉడికిన ఇడ్లీ ఆ కోవలోకి రాదు.