తలక్రిందులైనా పడిపోరెందుకు?

హైదరాబాదు శివార్లలో, రావిర్యాల దగ్గర 2016లో 'వండర్‌లా' అనే వినోదాల పార్కు తెరిచారు. మీలో కొందరు బడి తరపున విహారయాత్రకు వెళ్ళే ఉంటారు. అక్కడ 'రీకాయిల్' అనే రోలర్ కోస్టరు ఉంది. ఆ బండికి ఇంజను లేదు! దాన్ని వెనక్కి, ఎత్తుమీదికి లాగి వదిలేస్తారు, అంతే. ఎత్తులో చేరిన స్థితిశక్తి గతిశక్తిగా మారుతుంది. ఘర్షణను లెక్కలోకి తీసుకోకపోతే, 20 మీటర్లు దిగిన బండి వేగం గంటకు సుమారు 71 కిలోమీటర్లు. ఆ ఊపుతోనే అది చుట్టుపట్టా ఎక్కి మిమ్మల్ని తలక్రిందులు చేస్తుంది.

మరి పడిపోరెందుకు? చిన్న బకెట్లో సగం నీళ్ళు పోసి, ఆరుబయట నిలువుగా గిర్రున తిప్పి చూడండి. నీళ్ళు తిన్నగా ముందుకు దూసుకుపోవాలని చూస్తాయి. బకెట్టు అడుగు వాటిని లోపలికి మళ్ళిస్తూ ఉంటుంది. వేగం తగ్గిందా, మీ తల తడిసిందన్నమాటే! కోస్టరులో ఆ అడుగు చేసే పని సీటు చేస్తుంది.

అయితే చుట్టు అచ్చంగా వృత్తంలా ఉంటే ప్రమాదం సుమా! 1895లో న్యూయార్కు కోనీ ఐలాండులో 'ఫ్లిప్ ఫ్లాప్' బండికి 25 అడుగుల వ్యాసంతో అలాంటి చుట్టే కట్టారు. ఎక్కినవాళ్ళకు మెడనొప్పులు మిగిలాయి. ఎందుచేత? వృత్తం పైభాగంలో బండి పట్టాను వదలకుండా ఉండడానికి కావలసిన వేగంతో వస్తే, అడుగున మనిషికి తన బరువు 6 రెట్లైనట్లు తోస్తుంది. మీరు 40 కిలోలుంటే 240 కిలోలు! అదీ క్రమంగా కాదు, తిన్నని పట్టా వంపు తిరిగిన ఆ క్షణంలోనే.

1976లో కాలిఫోర్నియాలో వచ్చిన 'రివల్యూషన్' కోస్టరు చుట్టు నీటిబొట్టు ఆకారంలో ఉంటుంది. వేగం ఎక్కువగా ఉండే అడుగున వ్యాసార్ధం పెద్దది, వేగం తగ్గే పైన చిన్నది. అంచేత బరువు మెల్లగా పెరిగి మెల్లగా తగ్గుతుంది. రైలుపట్టాలను మలుపు తిప్పేటప్పుడు ఇంజనీర్లు వాడే వంపూ ఈ జాతిదే.

నీటి జారుడుబల్లల మీద ఘర్షణను తగ్గించేది పలుచని నీటిపొర. తడిసిన నూలుబట్టలు బల్లకు అతుక్కుపోతాయి. నైలాను దుస్తులు వేసుకోమనడానికి అదొక కారణం.

ఎత్తు కొలిచే గీత దగ్గర మునివేళ్ళమీద లేచే గడుగ్గాయిలు ప్రతి బడిలోనూ ఉంటారు! సీటు కమ్మీ పెద్ద శరీరానికి సరిపోయేలా చేసినది. పొట్టివాడు దాని కిందనుంచి జారిపోగలడు. కమ్మీకి మునివేళ్ళ సంగతి తెలియదు కదా!

ఈసారి వెళితే క్రింద నిలబడి కాసేపు గమనించండి. రీకాయిల్ బండి అవతలి కొస ఎక్కినప్పుడు మొదటి ఎత్తును అందుకోలేదు. కొంత శక్తిని గాలీ, చక్రాల ఘర్షణా తినేశాయి. అందుకే అక్కడ గొలుసు కాచుకొని ఉంటుంది.