మాయింటి మంథర

చిలుకను, పిల్లిని, లేగదూడను పెంచిన యిండ్ల ముచ్చటలు మీరు పెక్కు చదివియుందురు. తాబేలుతో కాపురము చేసినవారి ముచ్చట యరుదు. మేమైదు నెలలు చేసితిమి. దానిని మేము పెంచితిమనుటకంటె, అది తన దారిని దాను తిరుగుచుండగా దాని కడ్డము రాకుండ మెలగుట నేర్చుకొంటిమనుట నిజము. అట్లుంచుకొనుట నేరమని మాకు మొదట తెలియదు. తెలిసిన పిదపను పదునొకండు దినము లుంచుకొంటిమి. ఆ సంగతియు దాచక చెప్పెదము.

మాది గుఱ్ఱంకొండ. హైదరాలీ, టిప్పుసుల్తానుల యేలుబడి చూచిన దుర్గము కొండమీద, రంగినీమహలు కొండక్రింద, తక్కిన మేమందఱము టమాటాలు, వేరుసెనగల నడుమ. మావారు ఉన్నత పాఠశాలలో గణితము చెప్పుదురు. గతసంవత్సర మాషాఢమున మొదటి గట్టివాన కురిసిన మఱునాడు వారి శిష్యుడొకడు తువ్వాలులో నేదియో మూటగట్టి తెచ్చి, "సారూ, చేన్లో దొరికింది. మీ పిల్లోళ్లకని తెచ్చినా" అని వాకిట పెట్టిపోయెను. విప్పి చూడగా జానెడు పొడవు గల నల్లని గుబ్బ. గుబ్బమీద పలకలు పలకలు. ఒక్కొక్క పలక నడుమ పసుపుచుక్క, ఆ చుక్కనుండి చుట్టును పసుపుగీతలు. ముగ్గులలో నాఱితేఱిన యాడుబిడ్డ యెవతెయో తీరికగా కూర్చుండి తీర్చినట్లున్నది. అవి సొగసుకొఱకైనవి గావు. ఎండుగడ్డిలో నది కదలక కూర్చున్నచో గడ్డిపోచల నీడలకును దానికిని భేదము కానరాదు.

పొరుగింటి పెద్దమ్మ వచ్చి, "బాయిలో వదలండమ్మా, నీళ్లు తేటపడతాయి" అని చెప్పినది. నూతిలో తాబేలునుంచుట మన పెద్దల వాడుకయే గదా. మేము చేదకు త్రాడు తగిలించితిమి గూడ. మావారు దాని కాళ్లుచూచి వలదనిరి. నీటితాబేళ్లకు బాతులకున్నట్లు వ్రేళ్లనడుమ పొర యుండును, దీనికి లేదు. ఏనుగుపిల్ల కాళ్లవలె గుండ్రని కాళ్లు, వానిపై పొలుసులు. ఇది మెట్టతాబేలు, నక్షత్రతాబేలని పేరు. మన రాయలసీమ బీళ్లు, ముండ్లపొదలు దీనికి పుట్టినిండ్లు. గుజరాతు, రాజస్థానములలోను, సింహళద్వీపమునను గలదు. దీనికి నీటిలో మనుగడ లేదు. బావిలో విడిచియున్నచో మునిగి చచ్చెడిది. మేమో, పుణ్యము చేసితిమనుకొని నిదురించియుందుము.

పేరు పెట్టునప్పుడు పిల్లలు సినిమావారి పేర్లు చెప్పిరి. మేము చిన్నతనమున మా తండ్రిగారియొద్ద చిన్నయసూరిగారి నీతిచంద్రిక చదివినవారము. మా పాపకు నిపుడదే చెప్పుచున్నాము. అందు మిత్రలాభమున కాకి, ఎలుక, లేడులకు చెలికాడైన కూర్మము మంథరుడు. ఆ పేరే నిలిచినది. మా అత్తగారికి తాబేలింట నుండుట యిష్టమే. పలమనేరు సమీపమున కూర్మాయిలో కూర్మవరదరాజస్వామిని సేవించివచ్చినవారు వారు. శ్రీకూర్మము గుడిలో భక్తులు తెచ్చి విడిచిన నక్షత్రతాబేళ్లు తిరుగుచుండునని విన్నవారు. "నడిచొచ్చిన లక్ష్మి, ఉండనీ" అనిరి. నడిచి రాలేదు, తువ్వాలులో వచ్చినదని మేమనలేదు.

ఇక దాని దినచర్య. పెరటిలోనికి ఎండ దిగువఱకు రోటిమూల నుండి కదలదు. ఎండ తగిలినతోడనే మెడ సాచి, నాలుగుకాళ్లు చాపి, ఒక గడియసేపు కాగును. దాని నెత్తురునకు స్వతస్సిద్ధమైన వేడిమి లేదు. మనకు కాఫీ యెట్లో దాని కెండ యట్లు. తరువాత ప్రహరీగోడ వెంబడి ప్రదక్షిణము. దారిలో నేదియున్నను తప్పుకొని పోవుట యెఱుగదు. బిందె యున్న బిందెను, పీటయున్న పీటను చిప్పతో నెట్టుకొని పోవును. గోడ కదలకున్నచో తల గోడకానించి, కదలకపోదా యని వేచియుండును. మా యిత్తడి చెంబొకటి దినదినము తెల్లవాఱి యెనిమిదింటికి నీళ్లతొట్టి గట్టున ఖంగుమని మ్రోగెడిది. పాఠశాలకు వేళయైనదని పిల్లలు దానివలననే తెలిసికొనెడివారు.

ఎఱ్ఱనిదేది చూచినను, పచ్చనిదేది చూచినను దానికి పండో పువ్వో యనియే తోచును. శ్రావణమాసమున వరలక్ష్మీవ్రతమునకు పేరంటాండ్రను పిలిచితిమి. క్రొత్తకోడ లొకతె పీటమీద కూర్చుండి, పారాణిపెట్టిన పాదములు ముందునకు చాచి, పాట యెత్తుకొన్నది. రోటిమూలనుండి మంథరుడు బయలుదేఱెను. అంత వడిగా నడచుట మేమెన్నడును చూడలేదు. బొటనవ్రేలు పట్టుకొనువఱకు నెవరును గమనింపలేదు. దాని నోట పండ్లు లేవు, చిలుకముక్కువంటి గట్టి యంచు మాత్రమే. నెత్తురు రాలేదు, కాని పాట యాగిపోయెను. ఆ పిల్ల యిప్పటికిని మాయింటికి వచ్చినపుడు కాళ్లు చీరలో దాచుకొని కూర్చుండును.

టమాటాలన్న దానికి ప్రాణము. మదనపల్లె అంగడిలో ధర పడిపోయిన దినములలో రైతులు బాటప్రక్కల పాఱబోయు టమాటాలకు విలువ కట్టిన ప్రాణి మాకు తెలిసినంతలో నదియొక్కటే. అట్లని మేము దోసిళ్లకొలది పెట్టి దానికి విరేచనములు తెప్పించితిమి. అత్తగారు ప్రేమకొలది పెరుగన్నము పెట్టిరి, అదియు వికటించెను. ముదురుగడ్డిని మెల్లమెల్లగా నఱిగించుకొనుటకు గలిగిన కడుపది. పాలు, పెరుగు, అన్నము దానికి విషముతో సమానము. గరిక, మందారపూలు, బ్రహ్మజెముడు, ఏ పదిదినములకో యొక పండుముక్క, ఇవి చాలును. శుక్రవారములందు చిప్పకు నూనెరాచి కుంకుమ బొట్టు పెట్టుచుంటిమి. చిప్పను మేము గిన్నెమూతవంటిదనుకొంటిమి. అది వెన్నెముకతోను ప్రక్కటెముకలతోను కలిసిపోయిన యెముక. పైన మన గోరువంటి పొర. తాకిన దానికి తెలియును. మా పెద్దవాడు చిప్పయంచున తూటు పొడిచి త్రాడు కట్టుదునని మేకు తెచ్చినాడు. తండ్రి ఆ మేకును వాని గోటిపై నుంచి, "ఇక్కడ దిగగొట్టమంటావా?" అని యడిగిరి. మేకు మరల పెట్టెలోనికి పోయెను.

భగవద్గీత రెండవ యధ్యాయమున స్థితప్రజ్ఞునకు కూర్మము నుపమానము చేసిరి. చిన్ననాట మే మా శ్లోకమును వల్లించితిమి గాని, అవయవములను లోనికి తీయునప్పుడు బుస్సుమని చప్పుడగునని యే వ్యాఖ్యానమునను చదువలేదు. కోపము కాదది. తల, కాళ్లు లోపలికి వచ్చినచో లోన చోటు చాలక ఊపిరితిత్తులలోని గాలి బయటికి వచ్చును.

ఒకనాడది తులసికోట గట్టునుండి జాఱి వెల్లకిల పడెను. మేము పరుగెత్తి చేరులోపల మెడతో నేలనొక నెట్టు నెట్టి, కాళ్లు ఝాడించి, దొర్లి లేచి, ఏమియు జరుగనట్లు నడచిపోయెను. ఆ రాత్రి మావారు కంచములో అన్నము చల్లాఱువఱకు దీనినిగూర్చియే చెప్పిరి. హంగరీ దేశమున గాబోర్ దొమొకోష్, పీటర్ వార్కొన్యి అను గణితవేత్త లిద్దఱు, ఎటు పడవేసినను తనంతట లేచి యొక్కతీరుననే నిలుచు ఘనరూపమును 2006లో నిర్మించి గొంబొట్స్ అని పేరిడిరట. తంజావూరు బొమ్మయు లేచును గదా యని మేమంటిమి. ఆ బొమ్మ యడుగున బరువు దాచియుందురు. దీనిలో నెచ్చటను బరువు హెచ్చుతగ్గులు లేవు, ఆకారమే లేపును. పిదప వారు తాబేళ్ల చిప్పలను పరిశీలింపగా మన నక్షత్రతాబేలు చిప్ప ఆ రూపమునకు మిక్కిలి చేరువగా నుండెనట. గణితమన్న మాకు భయము. అయినను మఱునాడు దానిని కొంత గౌరవముతో చూచితిమి.

క్షీరాబ్ధిద్వాదశికి రెండుదినములు ముందు, అలికి ముగ్గుపెట్టిన తులసికోట ప్రక్కన మంథరుడు వెనుకకాళ్లతో మన్ను త్రవ్వుట చూచితిమి. నేల గట్టిగానున్నచో మూత్రముతో తడుపుకొని మరల త్రవ్వును. ఒకకాలు, తరువాత నింకొక కాలు, తొందరలేదు. సాయంకాలమునకు గుంటలో తెల్లని గ్రుడ్లు నాలుగు. మన్ను కప్పి, పొట్టతో మెత్తి, వెనుదిరిగి చూడక వెడలిపోయెను. మగవాని పొట్ట పల్లముగాను తోక పొడవుగాను ఉండును; ఆడుదాని పొట్ట చదును, తోక పొట్టి. నాలుగు నెలలు చూచుచు నొక్కరమును గుర్తింపలేదు. ఇట్టి పొరపాటు పెద్దలకును తప్పలేదట. గిల్బర్టు వైటను నాంగ్లేయ మతాచార్యుడు 1789లో ప్రకటించిన ప్రకృతిచరిత్రలో తన తోటలోని టిమోతి యను తాబేలును గూర్చి ముచ్చటగా వ్రాసెను. అది మగదనియే యాతని నమ్మిక. చిప్పను తరువాతి పండితులు పరీక్షించి ఆడుదని తేల్చిరి.

చిక్కు పేరుతో వచ్చినది. మంథరుడు స్త్రీయైన మంథర యగును. అత్తగారు గుండెమీద చేయి వేసికొని, "రాముణ్ణి అడివికి పంపిన గూనిదాని పేరు! అది ఇంట్లో పిలిచే పేరేనా?" అనిరి. గూను గూడ నున్నదని పిల్లలు నవ్విరి. పేరు మార్ప యత్నించితిమి గాని, తాబేలు దేనికిని పలుకదు గనుక పాతపేరే వాడుకలో నుండిపోయెను.

మార్గశిరమున నొకదినము మావారు బడిలోనుండగా మోటారుసైకిలుపై నెవడో వచ్చి, "మీ ఇంట్లో చుక్కల తాబేలుందంట గదమ్మా" అనెను. ఎవరు చెప్పిరో తెలియదు. చూపుడనెను. చూపితిమి. దానిని త్రిప్పి గోళ్లు లెక్కపెట్టెను. మూడువేల రూపాయ లిత్తుననెను. ఇట్టివి పట్నములలో నింట నుంచుకొన్నచో సిరి పెరుగునని కొనువారున్నారనెను. ఇయ్యమంటిమి. మన్నువైపు చూచి, "గుడ్లు పెట్టిందా?" అని యడిగెను. ఆ చూపునకు మాకు వెన్ను చలించెను. లేదని అబద్ధమాడితిమి.

మావారు వచ్చి విని, ఆ రాత్రియంతయు ఫోనులో చదువుచు కూర్చుండిరి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణచట్టము ప్రకారము ఈ తాబేలును పట్టుట, అమ్ముట మాత్రమే గాదు, ఇంట నుంచుకొనుటయు నేరము. 2019లో జెనీవాలో కూడిన దేశములన్నియు అడవినుండి పట్టిన నక్షత్రతాబేళ్ల వర్తకమును నిషేధించినవి. అయినను వర్తక మాగలేదు. 2015లో ప్రకటితమైన పరిశోధనములో మనదేశమందలి యొక్క వ్యాపారకేంద్రమునుండియే యేడాదికి 55,000కు తక్కువగాకుండ పట్టుకొనిపోవుచున్నారని లెక్కతేల్చిరి. మూటలలో, పెట్టెలలో కుక్కి విదేశములకు పంపుదురు. దారిలో చచ్చునవి చచ్చును. ఆ మోటారుసైకిలువానికిని మాకును చట్టము దృష్టిలో భేదము కొంచెమే యని మావారనిరి. మాకు కోపము వచ్చినది. పెరుగన్నము పెట్టినవారమును, గోళ్లు లెక్కపెట్టినవాడును ఒకటియా?

ఆ కోపముతో పదునొకండు దినములు గడిపితిమి. గ్రుడ్లు పిల్లలగువఱకు నుండనిత్తమంటిమి, చలికాలము పోనిమ్మంటిమి, అధికారులు జుల్మానా వేయుదురేమో యని భయపడితిమి. నిజము చెప్పవలెనన్న, విడువ మనసు రాలేదు. ఒకసాయంకాలము పాపకు మిత్రలాభము చెప్పుచుంటిమి. మంథరుడు చెలికాండ్రమీది ప్రేమచేత మడుగు విడిచి మెట్టకు వచ్చి బోయవాని చేత చిక్కుట, చెలికాండ్రు విడిపించుట చెప్పితిమి. పాప, "అమ్మా, ఈ కతలో మనమెవరం?" అని యడిగినది. మేము పుస్తకము మూసి దీపము వెలిగించు నెపమున లేచితిమి.

మఱునాడు మావారు అటవీశాఖవారికి ఫోను చేసిరి. ఇద్దఱు వచ్చిరి. భయపడినట్లేమియు జరుగలేదు, దొరికిన చేనుపేరు వ్రాసికొని సంతకము పుచ్చుకొనిరి. ఆ చేనిలోనే విడువరాదా యని మేమడిగితిమి. ఇంటితిండి తిని మనుష్యులమధ్య తిరిగినదానిని వెంటనే విడిచినచో రోగమేదైన నంటియున్నయెడల తక్కినవానికి సోకునని, కొన్నాళ్లు వేఱుగానుంచి చూచి పిదప విడుతురని చెప్పిరి. గ్రుడ్లను త్రవ్వునప్పుడు ఒక్కొక్కదాని పైభాగమున పెన్సిలుతో గుర్తు పెట్టిరి. కోడిగ్రుడ్లవలె వీనిని త్రిప్పరాదు. త్రిప్పినచో లోని పిండము చచ్చునట. పుట్టునది ఆడుదో మగదో నేలవేడిమిని బట్టి యుండునని వారిలో చిన్నవాడు చెప్పినపుడు అత్తగారు మా యలుకుడు మన్నును మఱియొకమాఱు చూచిరి. ఆ మన్నే మూకుడులో పోసి, దానిలో నాలుగింటిని గుర్తులు పైకుండునట్లు నిలిపిరి.

మంథరను గంపలో నుంచునప్పు డది బుస్సుమని లోనికి ముడుచుకొన్నది. పాప ఏడ్చినది. మేమును... సరే. బండి కదలినపిదప అత్తగారు కొంగుతో మొగము తుడుచుకొని, "ఈ తూరి మంథరే అడివికి పోయె" అనిరి.

అది బయటికి పోకుండ పెరటితూమునకు మావా రడ్డముంచిన రాయి యింకను నక్కడనే యున్నది. వానకాలమునకు నీరు నిలుచును, తీయవలెను. పిల్లలు తీయనిచ్చుట లేదు.