ఇందిరమ్మ ఇల్లు: గోడ లేవకముందే వెలుతురు లెక్క చూసుకోండి

“కరెంటు ఆదా లైట్లే పెట్టాలట కదా, లేకుంటే బిల్లు ఆపుతారా సార్?” ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు అడిగే మాట ఇది.

అలా పెట్టాలన్న రూల్ ఈసీబీసీ అనే భవనాల కోడ్‌లో ఉంది. అది మాల్స్, హోటళ్లు, పెద్ద ఆఫీసుల వంటి వాణిజ్య భవనాలకే. చదరపు మీటరుకు ఇన్ని వాట్లు దాటి లైట్లు ఉండకూడదని వాళ్లకు లెక్క ఉంటుంది. మీ ఇంటికి ఆ కోడ్ వర్తించదు. దాని పేరు చెప్పి ఎవరైనా డబ్బులడిగితే ఇవ్వకండి, ఎంపీడీవో ఆఫీసులో చెప్పండి.

అయినా ఈ లెక్క మీకూ అవసరమే. గృహజ్యోతి కింద జీరో బిల్లు నెలకు 200 యూనిట్ల వరకే. 201 వచ్చిందంటే పైన ఒక్క యూనిట్‌కే కట్టి సరిపెట్టలేరు, ఆ నెల బిల్లంతా మీ మీదే పడుతుంది. ఎండాకాలంలో కూలర్ మొదలైతే ఆ గీత దాటడం ఎంతసేపు!

పాత 60 వాట్ల బల్బు రోజూ 5 గంటలు వెలిగితే నెలకు 9 యూనిట్లు. దాదాపు అంతే వెలుతురిచ్చే 9 వాట్ల ఎల్‌ఈడీకి ఒకటిన్నర యూనిట్ కూడా కాదు. నాలుగు బల్బులు మారిస్తే నెలకు 30 యూనిట్లు మిగులుతాయి. నిజం చెప్పాలంటే బల్బు కన్నా ఫ్యాన్ ఎక్కువ తాగుతుంది. 75 వాట్ల మామూలు ఫ్యాన్ రోజుకు 12 గంటలు తిరిగితే నెలకు 27 యూనిట్లు, 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్‌కు 11 లోపే. ధర ఎక్కువే, కాబట్టి ముందు రాత్రంతా తిరిగే ఫ్యాన్ ఒక్కటి మార్చినా చాలు.

బల్బు కొనేటప్పుడు డబ్బా మీద బీఈఈ స్టార్ లేబుల్, ‘ఆర్’తో మొదలయ్యే బీఐఎస్ నంబర్ చూడండి. వాట్లతో పాటు ల్యూమెన్లు కూడా చదవండి, వెలుతురు ఎంతో చెప్పేది అదే.

బల్బులు తర్వాతైనా మార్చుకోవచ్చు, కిటికీని మార్చలేం. పొడి వేడి ప్రాంతాల్లో కిటికీలు గది నేలలో కనీసం పదో వంతు ఉండాలని జాతీయ భవన నియమావళి చెబుతోంది. 10×12 గదికి 4×3 కిటికీ ఒకటి సరిపోతుంది. ఖర్చు తగ్గుతుందని మేస్త్రీ చిన్న కిటికీ పెడతానంటే ఒప్పుకోకండి, పగలు కూడా లైటు వేసుకోవాల్సి వస్తుంది. లోపల తెల్ల సున్నం వేస్తే ఒక్క బల్బు వెలుతురే గదంతా పరుచుకుంటుంది. పైకప్పులో ఫ్యాన్ హుక్కు, లైట్ పాయింట్లు ఎక్కడ రావాలో స్లాబ్ పోయకముందే ఎలక్ట్రీషియన్‌తో గుర్తు పెట్టించండి. వంటింట్లో లైటు మీ వీపు వెనక వస్తే పొయ్యి మీద నీడ పడుతుంది, అక్కడ మాత్రం మీరే నిలబడి చూపించండి.