వానకారు – పసిప్రాణాల రక్షణ

వాన సకల జీవులకు ప్రాణాధారం. అయితే ఆ వానకాలమే కొన్ని సీమలలో పసివారి పాలిట గండంగా పరిణమిస్తుంది. ఆఫ్రికా ఖండంలో సహారా ఎడారికి దక్షిణాన ఉన్న సాహెల్ ప్రాంతం అటువంటిది. సెనెగల్, మాలి, బుర్కినాఫాసో, నైజర్, చాద్ మొదలైన దేశాలలో ఈ ప్రాంతం విస్తరించి ఉంది. అక్కడ ఏడాదిలో అధికభాగం అనావృష్టి. వానలు కురిసే కొద్ది నెలలలో నీటిమడుగులు ఏర్పడి, వాటిలో అనాఫిలిస్ దోమలు వృద్ధి చెందుతాయి. సంవత్సరం మొత్తంలో వచ్చే మలేరియా జ్వరాలలో ఎక్కువ భాగం ఆ కాలంలోనే సంభవిస్తాయి. వ్యాధినిరోధక శక్తి ఇంకా అలవడని అయిదేళ్లలోపు పిల్లలే ఎక్కువగా బలి అవుతారు.

దోమకూ మలేరియాకూ గల సంబంధానికి తిరుగులేని సాక్ష్యం మన తెలుగునేల మీదనే లభించింది. 1897 ఆగస్టు 20న సికిందరాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనుగొన్నాడు. 1902లో ఆయన నోబెల్ బహుమతి పొందాడు. శత్రువు జాడ తెలిసినా పోరాటం ముగియలేదు. ఆ పోరాటంలో ఒక నూతన సాధనం, వానకాలానికే పరిమితమైన నివారణ చికిత్స. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని 2012లో సిఫారసు చేసింది.

ఈ పద్ధతిలో ఆరోగ్యంగా ఉన్న పిల్లలకే మందు ఇస్తారు. మొదటిరోజు కార్యకర్త సమక్షంలో సల్ఫడాక్సిన్-పైరిమెథమిన్, అమోడయాక్విన్ మాత్రలను నీటిలో కరిగించి త్రాగిస్తారు. తరువాతి రెండు రోజులు అమోడయాక్విన్‌ను తల్లి ఇంటివద్దనే ఇస్తుంది. ఈ మందుల రక్షణ దాదాపు నాలుగు వారాలు నిలుస్తుంది. అందువల్ల వ్యాధి ప్రబలే కాలమంతా నెలకొకసారి ఈ క్రమాన్ని పాటిస్తారు. జ్వరంతో ఉన్న బిడ్డకు మాత్రం ముందుగా రక్తపరీక్ష జరిపి, మలేరియా ఉన్నట్లు తేలితే తగిన చికిత్స చేస్తారు.

ఇందులో కీలకం తల్లి చేతిలోని ఆ రెండు మాత్రలే. మందు చేదు, బిడ్డ ఉమ్మివేస్తాడు. ఆడుకుంటున్న బిడ్డకు మందెందుకన్న సందేహమూ కలుగుతుంది. కానీ మాత్రలు మానితే రక్షణ సన్నగిల్లుతుంది. క్రమం తప్పక వాడిన పిల్లలలో మలేరియా దాదాపు మూడువంతులు తగ్గినట్లు పరిశోధనలు నిరూపించాయి. 2023లో 5 కోట్లకు పైగా పిల్లలకు ఈ రక్షణ లభించింది.

అయితే ఇది శాశ్వత కవచం కాదు. మందు ఆగితే రక్షణా ఆగుతుంది. పరాన్నజీవి మందులను తట్టుకునే శక్తి సంపాదించే ప్రమాదమూ ఉంది. కనుక దోమతెరలు, పరిసరాల పరిశుభ్రత ఎప్పుడూ అవసరమే.

ఇల్లు కాలుతున్నప్పుడు బావి తవ్వినందువల్ల ప్రయోజనం లేదు. తొలకరికి ముందే మేల్కొన్న సమాజమే తన పసివారిని కాపాడుకోగలుగుతుంది.