పులి ఏనుగంత ఎందుకు పెరగలేదు?

నేలమీద వేటాడి బతికే క్షీరదాల్లో అన్నిటికన్నా పెద్దది ధ్రువపు ఎలుగు. బాగా ఎదిగిన మగది 500 కిలోలు దాటుతుంది. ఆకులూ గడ్డీ మేసే ఆఫ్రికా ఏనుగు 6 టన్నులు తూగుతుంది. కిలోకు కిలో చూస్తే ఆకులోకన్నా మాంసంలోనే శక్తి ఎక్కువ. అయినా మాంసం తినేవే చిన్నవిగా ఉండిపోయాయి. తిండిని పట్టడానికి అయ్యే ఖర్చే వాటి ఎదుగుదలకు అడ్డుపడింది.

ఒంటి బరువు 16 రెట్లయితే రోజుకు కావలసిన శక్తి దాదాపు 8 రెట్లవుతుంది. మాక్స్ క్లైబర్ 1932లో చూపిన లెక్క ఇది. నక్క ఎలుకలతో, కప్పలతో, పురుగులతో కడుపు నింపుకోగలదు. అది పులంత అయితే ఆకలి ఎన్నో రెట్లు పెరుగుతుంది గాని, గంటకు చిక్కే ఎలుకలు అంతగా పెరగవు. క్రిస్ కార్బోన్ బృందం 1999లో ఈ హద్దును సుమారు 21.5 కిలోల దగ్గర గుర్తించింది. అది దాటిన మాంసాహారులు చాలావరకు తమ బరువుకు దగ్గరగా ఉండే జంతువులనే వేటాడతాయి.

పెద్ద వేటంటే మాటువేయాలి, ఒక్కసారిగా దూకాలి, పెనుగులాడాలి. చాలాసార్లు దుప్పి తప్పించుకుంటుంది, పెట్టిన శక్తి వృథా. ఈ ఖర్చంతా భరించి నేలమీద బతకగల మాంసాహార క్షీరదం బరువు 1,100 కిలోలు దాటదని అదే బృందం 2007లో అంచనా కట్టింది. మంచుయుగంలో ఉత్తర అమెరికాలో తిరిగిన పొట్టిమూతి ఎలుగుకు శాస్త్రవేత్తలు లెక్కగట్టిన బరువు 800 నుంచి 1,000 కిలోలు.

మన నల్లమల ఎలుగుబంటిది వేరే దారి. వంద కిలోలున్నా దాని ముఖ్యమైన తిండి చెదలు, చీమలు. అయితే చెదలు వేలాదిగా ఒకేచోట ఉంటాయి, వెంటపడి పట్టక్కర్లేదు. పొడుగాటి గోళ్లతో పుట్టను చీల్చి, ముక్కుపుటాలు మూసుకుని, పైదవడలో రెండు ముందుపళ్లు లేని సందులోంచి వాటిని పీల్చేస్తుంది. ఇప్పపూలు, పండ్లు, తేనె దొరికే రోజుల్లో మరీ తేలిక. ఇంత చక్కటి పొదుపు నాకు మరే పెద్ద జంతువులోనూ కనబడలేదు.

ధ్రువపు ఎలుగుకు ఆ వెసులుబాటు లేదు. సీల్ ఊపిరి పీల్చుకోవడానికి వచ్చే మంచు రంధ్రం దగ్గర కదలకుండా కాపుకాసి ఉన్నంతలో శక్తిని ఆదా చేస్తుంది. బ్యూఫోర్ట్ సముద్రపు మంచుమీద 9 ఆడ ఎలుగులకు కెమెరాలు కట్టి చేసిన పరిశీలన 2018లో వెలువడింది. అవి ఖర్చుచేసే శక్తి అంతకుముందు అనుకున్నదానికి 1.6 రెట్లని తేలింది. కొద్దిరోజుల్లోనే వాటిలో సగానికిపైగా బరువు తగ్గాయి. మంచు కరిగేకొద్దీ సీళ్లకోసం ఇంకా దూరం నడవాలి, ఈదాలి. అదంతా ఒంట్లో దాచుకున్న కొవ్వును కరిగించే పనే.