కారులోని చిన్న విద్యుత్ కేంద్రము

నెల్లూరునుండి మైపాడు సముద్రతీరము ఇరవై కిలోమీటర్లకు పైగా దూరము. సాయంకాలము అలలు చూడబోయిన కుటుంబమొకటి చీకటిపడిన పిదప తిరిగి వచ్చుచుండగా కారు దీపములు మసకబారి, కొంతసేపటికి ఇంజను కూడ ఆగిపోయినదనుకొందము. "బ్యాటరీ పోయినది" అని అందరును అందురు. క్రొత్తది కొని పెట్టింతురు. రెండుమూడు దినములలో అదియు చచ్చును! దోషము బ్యాటరీది కాదు. దానిని నింపవలసిన ఆల్టర్నేటరుది.

ఇది ఎట్లు పనిచేయును?

తీగచుట్టగుండా పోవు అయస్కాంత క్షేత్రము మారినపుడు ఆ చుట్టలో విద్యుత్తు పుట్టునని 1831లో మైకేల్ ఫారడే కనుగొనెను. ఆల్టర్నేటరునకు మూలమిదే. దీనిలో రోటరు అను విద్యుదయస్కాంతమును ఇంజను ఒక బెల్టుద్వారా త్రిప్పును. చుట్టునున్న స్టేటరు తీగచుట్టలలో ఏకాంతర ప్రవాహము పుట్టును. బ్యాటరీకి ఏకముఖ ప్రవాహమే కావలెను గనుక డయోడులు దానిని అట్లు మార్చును. రోటరునకు కరెంటును అందించునవి చిన్న బొగ్గు బ్రష్షులు. ఇంజను వేగము ఎట్లు మారినను వోల్టేజి సుమారు 14 దాటకుండ రెగ్యులేటరు కాపాడును.

బ్యాటరీలో ఆరు ఘటములు కలవు. నిండుగా ఉన్నపుడు ఒక్కొక్కదానిలో సుమారు 2.1 వోల్టులు; మొత్తము 12.6. నీరు పల్లమునకు పారునట్లే కరెంటు ఎక్కువ వోల్టేజినుండి తక్కువకు పారును. కనుక బ్యాటరీ నిండవలెనన్న ఆల్టర్నేటరు వోల్టేజి అంతకంటె ఎక్కువగా ఉండవలెను.

ఆల్టర్నేటరు ఆగిన పిదప కారు ఎంతసేపు నడచును? దీపములు, పంపు, ఇతర పరికరములు కలిసి 20 ఆంపియర్లు లాగుచున్నవనుకొందము. 45 ఆంపియర్–గంటల బ్యాటరీకి 45 ÷ 20, అనగా రెండుంబావు గంటలు. బ్యాటరీ ఖాళీ కాకమునుపే వోల్టేజి పడిపోవును గనుక వాస్తవముగా అంతకంటె తక్కువే.

దోషమును గుర్తించుట

తాళము త్రిప్పగానే బ్యాటరీ గుర్తుగల ఎఱ్ఱదీపము వెలిగి, ఇంజను కదలగానే ఆరవలెను. ఆరకున్నను, దారిలో మరల వెలిగినను హెచ్చరికయే. ఇంజను నెమ్మదించినపుడు దీపములు మసకబారుట, బెల్టు కీచుమనుట, బేరింగు గరగరమనుట ఇతర చిహ్నములు.

సందేహమును తీర్చునది వోల్టుమీటరు. కారు కొన్ని గంటలు నిలిచియున్న తరువాత బ్యాటరీ కొనలవద్ద 12.6 ఉన్న అది నిండుగా ఉన్నట్లు. 12కు దగ్గరైన దాదాపు ఖాళీ. ఇంజను నడచుచు, దీపములు వెలుగుచుండగా సాధారణముగా 13.8 నుండి 14.5 వరకు చూపవలెను. 13కు లోబడిన బ్యాటరీ నిండుట లేదు. 15 దాటిన రెగ్యులేటరు చెడినట్లు. అప్పుడు బ్యాటరీలోని ఆమ్లజలము ఉడికిపోవును. కొన్ని క్రొత్త కార్లలో కంప్యూటరే వోల్టేజిని హెచ్చించి తగ్గించును గనుక ఒక్క కొలతతో తీర్పు చెప్పరాదు.

ఉప్పుగాలి చేయు పని

తీరమున మరొక శత్రువు కలదు. గాలిలోని ఉప్పు లోహములపై చేరి తేమను పీల్చుకొనును. రాగి, ఇనుము, అల్యూమినియము కలియుచోట ఆ ఉప్పునీటి పొరతో మనకు తెలియకుండ ఒక చిన్న ఘటమే ఏర్పడి, లోహములలో ఒకటి తినివేయబడును. తుప్పు వలన నిరోధము పెరుగును. అతుకువద్ద నిరోధము 0.05 ఓము, ప్రవాహము 30 ఆంపియర్లు అయిన ఓము నియమము ప్రకారము 1.5 వోల్టులు అక్కడనే నష్టమగును. ఆల్టర్నేటరు 14.2 ఇచ్చినను బ్యాటరీకి చేరునది 12.7 మాత్రమే! యంత్రము మంచిదే, దారి చెడినది. కాబట్టి ఆల్టర్నేటరు కొనవద్దను, బ్యాటరీ కొనలవద్దను వేర్వేరుగా కొలిచి చూడవలెను.

బాగుచేయుట

ఇంజను ఆపి, మొదట బ్యాటరీ ఋణ కొనను విప్పవలెను. కొనలపై పేరుకొన్న పొడిని వంటసోడా నీటితో కడిగి, ఆరబెట్టి, బిగించి, పైన వాజలీను పూయవలెను. ఇంజనును కారు దేహముతో కలుపు ఎర్తు తీగను మరువరాదు. బెల్టు చీలినను వదులైనను సరిచేయవలెను. అప్పటికిని వోల్టేజి రాకున్న బ్రష్షులు, రెగ్యులేటరు, డయోడులు పరీక్షింపవలెను. చాలమట్టుకు వీనిని విడిగా మార్చవచ్చును. యంత్రమంతయు క్రొత్తది కొననక్కరలేదు.

ఒక హెచ్చరిక. నడచుచున్న ఇంజనుపై బ్యాటరీ తీగను ఊడదీసి పరీక్షించు అలవాటు డైనమోల కాలమునాటిది. ఆల్టర్నేటరు విషయమున అట్లు చేసిన వోల్టేజి ఒక్కసారిగా ఎగసి డయోడులను, కారులోని కంప్యూటరును కాల్చివేయవచ్చును. బ్యాటరీనుండి ఉదజని వాయువు వెలువడును గనుక నిప్పును దగ్గరకు తేరాదు.

ఉపాధ్యాయులు సైకిలు డైనమోకు చిన్న బల్బు తగిలించి, చక్రమును త్రిప్పి చూపవచ్చును. తరువాత ఉప్పునీటిలో నాని తుప్పుపట్టిన మేకును మార్గమధ్యమున కలిపి, వెలుగు ఎంత తగ్గినదో విద్యార్థులనే చూడనిండు. పుస్తకములోని ఓము నియమమును, తీరపు గాలిలోని ఉప్పును వారు ఒక్కచోటనే చూడగలరు.