రెండు మూతలు వోడ్కా, ఒక మూత నిమ్మరసం

‘‘నిమ్మకాయ పిండుకుంటే ఎక్కదు లే!’’

మా దిక్కు ఏ దావత్‌కి పోయినా ఈ మాట ఒక్కరైనా అంటారు. ఎక్కువైనోడికి నిమ్మరసం తాగించే సీన్లు సినిమాల్లోనూ బోలెడు చూశాం. కానీ నిమ్మకాయకి ఆ పని రాదు. గ్లాసులో ఉన్న ఆల్కహాల్‌ని అది ఒక్క చుక్క కూడా తగ్గించదు. అది చేసేదల్లా వోడ్కా ఘాటును నాలుకకి తెలియనివ్వకుండా దాచడం. పుల్లగా, తియ్యగా, చల్లగా గొంతు దిగిపోతుంది. గ్లాసు తొందరగా ఖాళీ అవుతుంది. అందుకే నిమ్మకాయ వోడ్కా కలిపేటప్పుడు నాలుకను కాదు, కొలతను నమ్మాలి.

మాది తాండూరు. ఉద్యోగం హైదరాబాద్‌లో, సాఫ్ట్‌వేర్. శని, ఆదివారాలు వస్తే ఫ్రెండ్స్ అనంతగిరి చూస్తామని దిగుతారు. వికారాబాద్‌లో మా బావ వాళ్ల మిద్దె మీదో, తాండూరులో మా ఇంట్లోనో కూర్చుంటాం. కలిపే డ్యూటీ ఎప్పుడూ నాదే. కోడ్ రాసేవాడికి లెక్కలు బాగా వస్తాయని మావాళ్ల నమ్మకం.

ముందే చెప్పాల్సినవి రెండున్నాయి. తెలంగాణలో మద్యం కొనాలంటే 21 ఏళ్లు నిండాలి. ఆరోగ్యానికి ‘సేఫ్’ అనదగ్గ మోతాదంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలోనే తేల్చి చెప్పింది. తాగని వాళ్లు ఇది చదివి మొదలుపెట్టాల్సిన అవసరం ఏమీ లేదు. తాగేవాళ్లు మాత్రం ఎంత తాగుతున్నారో తెలిసి తాగాలి.

కొలత వంటింట్లోనే ఉంది

బార్‌లో వాడే పెగ్ మెజర్ కొనక్కర్లేదు. దగ్గు మందు సీసా మీద ప్లాస్టిక్ మూత ఉంటుంది కదా, దాని మీద గీతలుంటాయి. చాలా మూతల్లో 15 ఎంఎల్ గీత కనిపిస్తుంది. వేడినీళ్లతో శుభ్రంగా కడిగి పక్కన పెట్టుకోండి. ఒక గ్లాసుకి లెక్క ఇదీ:

వోడ్కా – 2 మూతలు (30 ఎంఎల్)
నిమ్మరసం – 1 మూత (15 ఎంఎల్)
చక్కెర పాకం – 1 మూత (15 ఎంఎల్)
చల్లటి సోడా – 6 మూతలు (90 ఎంఎల్)
ఉప్పు – చిటికెడు

పాకం అంటే లడ్డూకి పట్టే తీగ పాకం కాదు. ఒక కప్పు చక్కెర, ఒక కప్పు నీళ్లు వేడి చేసి, చక్కెర కరగ్గానే దించేయడమే. చల్లారాక ఫ్రిజ్‌లో పెడితే వారం పాటు వాడుకోవచ్చు. చల్లటి డ్రింక్‌లో చక్కెర నేరుగా వేస్తే కరగదు, అడుగున ఇసుకలా మిగిలిపోతుంది. పాకం చేసుకునేది అందుకే.

మూత గట్టిగా ఉన్న స్టీలు వాటర్ బాటిల్‌లో వోడ్కా, నిమ్మరసం, పాకం, ఉప్పు పోసి, ఐదారు ఐస్ ముక్కలు వేసి పది, పన్నెండు సెకన్లు బాగా కుదపండి. బాటిల్ బయట చెమ్మ పడితే అయినట్టే. టీ వడగట్టే జాలీతో గ్లాసులోకి వంచి, పైన సోడా పోయండి. సోడాని మాత్రం బాటిల్‌లో పోసి కుదపొద్దు. గ్యాస్ పొంగి మూత ఎగిరిపోతుంది, గోడలన్నీ తడుస్తాయి.

ఇప్పుడు అసలు లెక్క

మన దగ్గర అమ్మే వోడ్కా సీసాల మీద ఎక్కువగా 42.8 శాతం అని ఉంటుంది. అంటే 30 ఎంఎల్‌లో స్వచ్ఛమైన ఆల్కహాల్ దాదాపు 12.8 ఎంఎల్. బరువులో చెప్పాలంటే పది గ్రాములు. డాక్టర్లు ‘ఒక స్టాండర్డ్ డ్రింక్’ అని లెక్కపెట్టేది దీన్నే. మన గ్లాసులో మొత్తం 150 ఎంఎల్, కరిగిన ఐస్ నీళ్లు ఇంకొంచెం కలిపితే ఏడెనిమిది శాతం తేలుతుంది. షర్బత్‌లా అనిపించినా స్ట్రాంగ్ బీర్ దరిదాపుల్లో ఉన్నట్టే.

ఇదే డ్రింక్‌ని ‘అందాజ’గా పోస్తే? చేయి కొంచెం వంగితే చాలు 60 దాటి 90 దాకా పోతుంది. నిమ్మకాయ, చక్కెర ఉన్నాయి కాబట్టి తేడా నాలుకకి అంతగా తెలియదు. తాగినోడు ‘‘ఒక్కటే తాగిన’’ అంటాడు, ఒంట్లోకి పోయింది మూడు. పెద్దవాళ్లలో శరీరం గంటకి సుమారు ఒక స్టాండర్డ్ డ్రింక్‌నే ఖర్చు చేయగలదు. మజ్జిగ, కాఫీ, చన్నీళ్ల స్నానం ఏవీ ఆ వేగాన్ని పెంచలేవు.

క్వార్టర్ అంటే 180 ఎంఎల్, అంటే సరిగ్గా ఆరు గ్లాసులు. నలుగురు కూర్చుంటే ఒక్కొక్కరికి ఒకటిన్నర. నేను అంతకు మించి కొనను.

సీసా మాత్రం లైసెన్సు ఉన్న షాపులోనే కొనండి. ఎక్సైజ్ శాఖ హోలోగ్రామ్ లేబుల్ చిరగకుండా ఉందో లేదో చూడండి. 2021 జనవరిలో మా వికారాబాద్ జిల్లాలోనే కల్లు తాగి చాలామంది ఆసుపత్రుల పాలయ్యారు. గ్లాసులో ఏముందో తెలియకపోతే ఏమవుతుందో ఇక్కడివాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు.

వాసనంతా తొక్కలోనే

వోడ్కాకి సొంత రుచి పెద్దగా ఉండదు. ధాన్యం నుంచో, మొలాసిస్ నుంచో తీసిన దాదాపు 96 శాతం స్పిరిట్‌కి నీళ్లు కలిపి, వడగట్టి చేస్తారు. కాబట్టి ఖరీదైన బ్రాండ్, నారింజ ఫ్లేవర్ బ్రాండ్ అని ఎగబడక్కర్లేదు. మంచి నిమ్మకాయ చాలు.

నిమ్మ పులుపు రసంలో ఉంటే, వాసన తొక్కలో ఉంటుంది. తొక్క మీద సన్నని చుక్కల్లాంటి నూనె తిత్తులుంటాయి. కాయ కడిగి, పైపైన పచ్చ తొక్క సన్నగా గీరి, పాకం దించగానే అందులో వేసి పావుగంట ఉంచి వడగట్టండి. తెల్లటి పొర మాత్రం తగలొద్దు, చేదు దిగుతుంది.

బత్తాయితో కావాలంటే సోడా సగం తగ్గించి ఆ మేరకు బత్తాయి రసం పోయండి. నల్లగొండ దిక్కు నుంచి వచ్చే కాయలు బాగుంటాయి. బత్తాయిలో పులుపు తక్కువ కాబట్టి నిమ్మరసం మానొద్దు. బత్తాయి రసం ముందే తీసి పెట్టుకోకండి, కాసేపుంటే చేదెక్కుతుంది.

బండ మీద పడితే తుడవండి

ఇది మా తాండూరు స్పెషల్ హెచ్చరిక. మా ఇళ్లలో నేల, మెట్లు, వంటింటి గట్టు అన్నీ తాండూరు బండే. అది సున్నపురాయి, నిమ్మరసంలో ఉండేది సిట్రిక్ యాసిడ్. రెండూ కలిస్తే సన్నగా నురగ వస్తుంది. ఆ బుడగల్లో ఉండేది సోడాలో ఉండే గ్యాసే, కార్బన్ డయాక్సైడ్. కాసేపు వదిలేస్తే పాలిష్ పోయి తెల్లటి మచ్చ పడుతుంది. ఎంత తోమినా పోదు, ఎందుకంటే అది మురికి కాదు, రాయే కరిగిపోయిన చోటు. ‘‘ఈ మచ్చ ఎవలు చేసిండ్రు?’’ అని పొద్దున మా అమ్మ అడిగితే జవాబు చెప్పేవాడు ఉండడు. కాబట్టి కింద ఒక స్టీలు ప్లేటు పెట్టుకుని అందులోనే నిమ్మకాయలు పిండండి.

ఖాళీ కడుపుతో కూర్చోకండి. కడుపులో తిండి ఉంటే ఆల్కహాల్ రక్తంలోకి నెమ్మదిగా ఎక్కుతుంది. చలికాలంలో మాకు పచ్చి కందికాయలు దొరుకుతాయి. ఉప్పేసి ఉడకబెట్టి, గిన్నె మధ్యలో పెట్టి వలుచుకుంటూ తింటాం. తాండూరు కందికి 2022లో జీఐ గుర్తింపు వచ్చింది, దావత్‌లలో మాత్రం దానికి ఎప్పటినుంచో గుర్తింపు ఉంది. రెండు చేతులూ కందికాయల మీద ఉంటే గ్లాసు మీదికి తక్కువ పోతాయి, అదొక లాభం.

తాగనివాడికీ అదే గ్లాసు

ప్రతి గుంపులో తాగని వాళ్లుంటారు. మాత్రలు వాడేవాళ్లు, ఉపవాసం ఉన్నవాళ్లు, మానేసినవాళ్లు, ఇష్టం లేనివాళ్లు. కారణం ఏదైనా అడగాల్సిన పని లేదు. నిద్రమాత్రలు, షుగర్ మందులు వాడేవాళ్లకైతే మద్యం నిజంగా ప్రమాదం. వోడ్కా తీసేసి, నిమ్మరసం ఒకటిన్నర మూత, పాకం ఒకటిన్నర మూత, మిగతాదంతా సోడా. అదే ఐస్, అదే గ్లాసు. పక్కవాడి గ్లాసుకీ దీనికీ తేడా కనిపించదు. ‘‘ఒక్క పెగ్గేసుకో రా, ఏం కాదు’’ అనే బలవంతం అక్కడితో ఆగిపోతుంది. మా బావ మానేసి రెండేళ్లయింది. మిద్దె ఆయనదే, ఇప్పటికీ అందరికంటే ముందు ఆయన గ్లాసే నింపుతాను.

ఇక తిరుగు ప్రయాణం. వికారాబాద్ నుంచి తాండూరు వచ్చే దారి అనంతగిరి కొండల మలుపుల మీదుగా పోతుంది. రాత్రి అడవి, ఎదురుగా లోడు లారీల లైట్లు. చట్టం ప్రకారం 100 ఎంఎల్ రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే డ్రంకెన్ డ్రైవ్. మొదటిసారి దొరికితే పది వేల రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఒంటి బరువును బట్టి రెండో గ్లాసుకే ఆ గీత దాటొచ్చు. అందుకే మా ఇంట్లో మొదటి గ్లాసు కలపకముందే బండి తాళాలన్నీ బావ చేతికి పోతాయి. చాపలు, దుప్పట్లు మిద్దె మీదికి వస్తాయి. పొద్దున ఉప్మా తిన్నాకే తాళాలు తిరిగి ఇస్తాడు.